అన్న కారులో దరువు

మొన్న నెల్లూరులో సిగ్నల్ దగ్గర మా ఆటో ఆగినప్పుడు పక్కనే ఒక కారు వచ్చి నిలబడింది. అద్దాలన్నీ మూసే ఉన్నాయి, అయినా లోపలి దరువుకు మా ఆటో సీటు వణికింది. "ఏంది మేడమ్ ఈ గోల, గుండె జబ్బోళ్లు ఏమైపోవాల?" అని డ్రైవరు విసుక్కున్నాడు. ఒకప్పుడైతే నేను అతనికన్నా రెండు మాటలు ఎక్కువే అనేదాన్ని. మొన్న మాత్రం ఆ కారు వైపే చూస్తూ కూర్చున్నాను. మా అన్న గుర్తొచ్చాడు.

అన్న ఇరవయ్యేళ్లు ఇందుకూరుపేట అవతల రొయ్యల గుంటల మీదే బతికాడు. నీళ్లను చిలికే ఏరేటర్లు, కరెంటు పోతే వాటిని తిప్పే డీజిల్ ఇంజన్లు, వాటి పక్కనే ఆయన మంచం. అవి ఆగితే ఆక్సిజన్ అందక రొయ్య చచ్చిపోతుంది కాబట్టి, ఆ మోతలోనే ఆయనకు కమ్మగా నిద్ర పట్టేది. ఆ మోతే చివరికి చెవులు తినేసింది. అప్పుడు కూడా కట్ట మీద వట్టి కాళ్లతో నిలబడి, ఏ ఇంజన్ తిరుగుతోందో ఏది మొరాయించిందో పాదాలతోనే చెప్పేవాడు. చెవి మిషన్ కొనిస్తే రెండు రోజులు పెట్టుకుని, "చెవిలో ఈగ దూరినట్టుండాదమ్మే" అని బీరువాలో పడేశాడు. వదిన పోయాక గుంటలు కౌలుకిచ్చి, కారుతో సహా నెల్లూరులో మా ఇంటికి వచ్చేశాడు. కారు ఆయన నడిపేవాడు, పక్కన చెవులు నావి. వెనక హారన్ మోగితే భుజం తట్టాలి.

ఒకసారి ఎవరి పెళ్లికో తడ వెళ్లి, వేరేవాళ్ల కారులో తిరిగొచ్చాడు. గడప దాటీ దాటకముందే, "పాట వినపళ్లేదమ్మే, తగిలింది!" అన్నాడు. ఆ కారు డిక్కీలో సబ్ ఊఫర్ అనే పెద్ద దరువు పెట్టె ఉందట. తనకూ కావాలని పట్టుబట్టాడు. 'ఈ వయసులో నీకిదేం పిచ్చి?' అని కాగితం మీద రాసి చూపిస్తే, కింద 'పిచ్చే' అని రాసి ఇచ్చాడు.

కార్లకు స్పీకర్లు బిగించే షాపాయన పాత స్టీరియో తీసేసి పెద్ద తెర పెడతానన్నాడు. అన్న ఒప్పుకోలేదు. "కంపెనీదే ఉండనీ, దాని బొత్తాలు నా చేతికి తెలుసు" అన్నాడు. దాంతో వెనక స్పీకర్ల వైర్ల నుంచి పాటను లాగి, ఒక చిన్న కన్వర్టర్ గుండా ఆంప్లిఫయర్‌కు ఇవ్వాల్సి వచ్చింది. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వేలెడు లావు వైరు. "ఎర్త్ వైరు కింద పెయింటు గీకినావా?" అని అన్న అడుగుతుంటే షాపాయన బిక్కమొహం వేశాడు. పెట్టె డిక్కీ మొత్తం ఆక్రమించింది, ఇక కూరగాయల సంచీ నా ఒళ్లోనే. మొదటిసారి మోగించగానే నంబరు ప్లేటు గలగలలాడింది, గోడ మీది కాకులన్నీ లేచిపోయాయి. అన్న సీటుకు వీపు ఆనించి కళ్లు మూసుకున్నాడు. కన్నీళ్లు చెంపల మీదికి జారుతున్నా తుడుచుకోలేదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం మైపాడు దాకా షికారు. మా వీధిలో కిటికీలు అదిరేవి. "టీచరమ్మ ఇంట్లో డీజే పెట్టినారే" అని జనం నవ్వుకున్నారు. ముప్పయ్యేళ్లు పిల్లల్ని సైలెన్స్ అని అదిలించినదాన్ని, తల కొట్టేసినట్టయింది. నంబరు ప్లేటు బిగించడానికి షాపుకు వెళ్లినప్పుడు, అన్న ఎదుటి అంగడిలో టీ తాగుతుండగా, "ఆ మోత బాగా తగ్గించెయ్ నాయనా. ఆయనకి చెప్పబాక, తెలీదులే" అన్నాను. షాపాయన ఆంప్లిఫయర్ మీద దరువును తగ్గించే చిన్న మరను స్క్రూడ్రైవర్‌తో తిప్పాడు.

ఆ సాయంత్రం మైపాడు రోడ్డులో అన్న వాల్యూమ్ పెంచాడు, ఇంకా పెంచాడు. పాట కీచుమంది గానీ సీటు కదల్లేదు. కారు పక్కకు ఆపి సీటు మీద, డోరు మీద, డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి చూశాడు. గుంటల మీద ఏ మిషన్ ఆగినా ముందు వైరు పట్టుకునే మనిషి, ఆ రోజు వైర్ల జోలికే పోలేదు. తన అరచేతులు చూసుకుని, "ఇదీ పోయిందమ్మే. ఒంట్లో గూడా ఏం మిగల్లా" అన్నాడు. స్టీరియో కట్టేశాడు.

చెప్పాలంటే నేను రాయాలి. 'నేనే తగ్గించమన్నాను' అని నా చేత్తో రాసి ఆయన చేతికివ్వాలి. నా వల్ల కాలేదు. గుట్టుగా మళ్లీ తిప్పించేస్తే సరిపోతుందనుకున్నాను. ఒక రోజు వాన, ఇంకో రోజు చుట్టాలు, మరో రోజు షాపాయన ఊళ్లో లేడు. అన్న ఇక కారు తియ్యలేదు. తీసుకెళ్లమని నేను అడిగినా, "ఎందుకులేమ్మే" అనేవాడు. వరండాలో కుర్చీలో కూర్చుని, ఫ్యాను తిరుగుతోందా లేదా అని తలెత్తి చూసుకునేవాడు. ఒకనాటి ఉదయం కాఫీ తీసుకెళ్లి లేపితే లేవలేదు.

ఆ మర తిప్పడానికి షాపాయనకు అర నిమిషం పట్టింది. దాన్ని వెనక్కి తిప్పించడానికి మా అన్న నాకు నాలుగు నెలలు టైమిచ్చాడు, అది నాకు చాల్లేదు.