హన్మమ్మకు వినబడని గంట

పెబ్బేరు సంతలో పాతకాలపు బేరగాళ్లు ధర పైకి చెప్పరు. తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. భర్త పోయాక హన్మమ్మ ఆయన తువ్వాలనే భుజాన వేసుకుని మేకల బేరానికి దిగింది. మొదట్లో మగవాళ్లు మొహమాటపడ్డారు. ఆమె వేలు నొక్కే తీరు తెలిశాక మొహమాటం మాని జాగ్రత్తపడటం మొదలుపెట్టారు.

అందుకే ఆమె చెవులు మెల్లగా మూసుకుపోతున్నా సంతలో ఎవరూ పసిగట్టలేదు. ఇంట్లోనూ పెదవులు చూసి నెట్టుకొస్తోంది. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పక్కింటి మాసయ్యకు చూపు తగ్గిందని కొడుకులు ఎడ్లను అమ్మేసి ఆయన్ను మంచానికి అప్పజెప్పారు. సంత లేకపోతే తాను మనుషుల్లో లెక్క కాదని హన్మమ్మ భయం.

కొడుకు జగదీశ్ రోజూ వనపర్తి వెళ్లి ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుని వస్తాడు. ఆ మధ్య అరచేతిలో పట్టే కంప్యూటర్ ఒకటి కొనుక్కొచ్చాడు. డబ్బా లేదు, తెర లేదు, ఒట్టి పచ్చ పలక. చవకగా దొరికిందని మురిసిపోయాడు గానీ, దాంతో ఏం చేయాలో అతనికే తెలియదు. మొదట ఎండ కొలిచే యంత్రం చేశాడు. వాకిట్లో అడుగుపెడితే నడినెత్తి చెప్పే సంగతినే అది కాస్త ఆలస్యంగా చెప్పేది. తర్వాత మేకల కొట్టంలో కెమెరా పెట్టాడు, ఏది కదిలినా ఫొటో తీసేలా. మేకలు కదలకుండా ఉంటాయా? తెల్లారేసరికి అందులో ఉన్నవన్నీ తోకలే.

“ఇంట్ల పనికొచ్చేది ఒక్కటన్న చెయ్యరాదా?” అని భార్య వర్ష దెప్పింది. జగదీశ్‌కు పౌరుషం వచ్చింది. మిద్దె మీది నీళ్ల ట్యాంకు నిండితే మోగేలా ఆ పలకతో వంటింట్లో గంట పెట్టాడు.

“ఇగ పైకెక్కి చూసుడు లేదమ్మా. వంటింట్ల గంట మోగంగనే మోటరు బంద్ చెయ్, గంతే.”

హన్మమ్మ ఆ గంటను చూసి సరేనని తలూపింది.

మర్నాడు కొడుకూ కోడలూ పనులకు వెళ్లారు. ఆమె మోటరు వేసి, ఆ పలకనే చూస్తూ పప్పులో రాళ్లేరింది. లేచి చూసేసరికి ట్యాంకు పొంగి వాకిలంతా బురద. “మోగలేదా అమ్మా?” అని సాయంత్రం జగదీశ్ అడిగాడు. మోగలేదని చెప్పింది. అతను విప్పి చూశాడు, వైర్లు మార్చాడు, మోగించి చూసుకున్నాడు. మర్నాడు మళ్లీ బురదే.

“నేనుంటే మోగుతది, నేను లేకుంటే మోగది. ఏంది కథ?” అని తల పట్టుకున్నాడు. ఆఖరికి పలకను ఊడదీసి అట్టపెట్టెలో పడేశాడు. “నాతోటి కాదు. ఎవరికన్న ఇచ్చేస్త.”

ఆ మాట హన్మమ్మ వినలేదు, చూసింది. కొడుకు ముఖం అంతగా వాడిపోవడం ఆమె ఓర్వలేకపోయింది. సంత పోతే పోనీ అనుకుంది.

“నీ మిషన్ మంచిగనే ఉంది కొడుకా. నాకే ఇనొస్తలేదు.”

జగదీశ్ అట్టపెట్టె కింద పెట్టాడు. “ఎప్పటి సంది?”

“శానా దినాలాయె. చెప్తే సంతకు పోనియ్యవని దాపెట్టిన.”

అతను పలకను అట్టపెట్టెలోంచి మళ్లీ తీశాడు. గంట తీసేసి దాని చోట ఎర్ర బల్బు బిగించాడు. ట్యాంకు నిండితే వంటిల్లంతా ఎర్రబడుతుంది. మర్నాడు వాకిలి పొడిగానే ఉంది. వర్ష కూడా మెచ్చుకుంది.  సంత మాటెత్తని కొడుకు మనసులో ఏముందో హన్మమ్మకు మాత్రం అంతుచిక్కలేదు.

సంత రోజు పొద్దున్నే రెండు మేకపోతులను పట్టుకుని గడపలో నిలబడింది. జగదీశ్ వచ్చి ఆమెకు ఎదురుగా, వెలుతురు తన ముఖం మీద పడేలా నిలబడ్డాడు.

“పెద్ద దవాఖానల చెవుల డాక్టర్ ఉన్నడంట. పోదాం.”

ఆమె పట్టులో తాళ్లు వదులయ్యాయి. “ఇయ్యాలనా?”

“ఇయ్యాల సంత గదమ్మా! సంత చేసుకొని రా, రేపు పోదాం.”

“ఏందీ? మల్ల చెప్పు.”

జగదీశ్ మళ్లీ చెప్పాడు, ఇంకా నిదానంగా. ఆమెకు మొదటిసారే అర్థమైంది. అయినా ఇంకోసారి చెప్పించుకుంది.