తొమ్మిదో వేలు

ఎవరి భుజానైనా రెండు సంచులు కనిపిస్తే నాకు కాలు నిలవదు. మా గల్లీ చివరింటి రోజీ టీచరుకు ఒక సంచిలో పిల్లల నోటుబుక్కులు ఉంటాయని తెలుసు. మరి రెండో దాంట్లో? మూడు వారాలు ఓపిక పట్టాను. నాలుగో శనివారం ఆమె శామీర్‌పేట బస్టాపుకు పోతుంటే గేటు దగ్గర అడ్డం నిలబడ్డాను.

"ఏందే రోజీ, సెలవునాడు గూడ సంచి ఏసుకొని ఎటు?"

"యూనివర్సిటీకి పెద్దమ్మా. మాస్టర్సు సదువుతున్న."

"నలభై మూడేండ్లకా? ఏం సదువే?"

"లెక్కలు ఎట్ల జెప్పాల్నో."

"పద్దెనిమిదేండ్ల సంది జెప్తనే ఉంటివి గద!"

"అందుకే పెద్దమ్మా. ఇన్నేండ్లు జెప్పినంక ఇప్పుడు అనుమానమొచ్చింది, జెప్తున్ననా, ఉత్తగ అరుస్తున్ననా అని."

బస్సు వచ్చింది. ఎక్కి పోయింది. నేను అయిదో తరగతితో ఆపేసిన దాన్ని, ఆ మాటను నాలుగు రోజులు నెమరేశాను.

గల్లీ ఊరుకుంటుందా? ఆమె భర్త గిడియోన్ ఒక కంపెనీ బస్సు నడుపుతాడు. "ఏం గిడియోన్, ఇంట్ల వంట నీదేనంట గదా?" అని ఒకరు అంటే, "వంటా నాదే, ఆమె పాఠాలు ఇనేది గూడ నేనే. రెండిట్ల వంటే అల్కగున్నది" అన్నాడు. తరగతులు ఆదివారం కూడా ఉండేవి కాబట్టి ప్రార్థనకు పోవడం తప్పింది. వాళ్ళ చర్చిలో పాటలు పాడించే క్రిస్టీనా నడిరోడ్డు మీదే అడిగింది, "దేవునికంటె లెక్కలెక్కువైనయా రోజీ?" అని. "దేవునికి నా బస్సు నంబరు తెలుసక్కా" అని నవ్వి దాటిపోయింది రోజీ.

రెండో ఏడాది వచ్చేసరికి అసలు పని మొదలైంది. ఒక తరగతిని పట్టుకుని ఏడాదంతా గమనించి గ్రంథం రాయాలి. చివరి పాఠాన్ని యూనివర్సిటీ మేడం వచ్చి చూడాలి. పని పూర్తయిందని బడి స్టాంపు వేసి కాగితం ఇవ్వాలి. అప్పుడే పట్టా. రోజీ తన బడిలోనే మూడో తరగతిని ఎంచుకుంది.

ఆ తరగతిలో అశ్రిత అని ఒక పిల్ల. "మొద్దు" అని పేరు పెట్టి చివరి బెంచీలో కూర్చోబెట్టారు. నాలుగో ఎక్కం అడిగితే ఆరు నాలుగులు పద్దెనిమిది అనేది, ఏడు నాలుగులు ఇరవై ఒకటి, ఎనిమిది నాలుగులు ఇరవై నాలుగు. ఇదివరకు టీచర్లందరూ ఎర్ర పెన్నుతో కొట్టేశారు. రోజీ మాత్రం ఆ తప్పులన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసి చూసింది. ఆరింటికి ఆరు తక్కువ. ఏడింటికి ఏడు తక్కువ. ఎనిమిదింటికి ఎనిమిది. ఇంత పద్ధతిగా ఎవరైనా తప్పు చేస్తారా?

పిల్ల వెంట మేడ్చల్ బస్టాండుకు పోయింది. అక్కడ అశ్రిత అవ్వ గంగమ్మ పూలు అమ్ముతుంది. బొటనవేలితో మిగతా వేళ్ళ గీతలు తడుముతూ పూలు లెక్కపెట్టి దండ కడుతుంది. వేలికి మూడు గీతలు, మూడు పూలు. పిల్లకు లెక్క నేర్పింది ఆమే. నాలుగో ఎక్కానికి మూడు గీతలతోపాటు వేలి కొన కూడా పట్టాలి. అది పిల్లకు ఎవరూ చెప్పలేదు. వేలికి ఒకటి చొప్పున తగ్గింది.

ఆ సాయంత్రం రోజీ మా ఇంటికొచ్చి నా చేయి పట్టుకుంది. "నువ్వెట్ల లెక్కవెడ్తవు పెద్దమ్మా?" అంది. "కొనతోని, నాలుగు" అన్నాను. ఆమె కళ్ళు మెరిశాయి. "సూడు! ఆ పిల్లకు లెక్క రాదనుకున్నం. వచ్చు. కొన ఒక్కటే తెల్వదు!"

ఇంత మంచి సంగతికి అడ్డుపడింది మా మరిది కొడుకు జనార్ధనే. పొలాలు ప్లాట్లయ్యాక వాడు కట్టిన బడి అది. ప్రతి తరగతిలో గోడకు అట్ట తగిలించాడు: "వేళ్ళ మీద లెక్కించరాదు." లెక్కల గంటలో పిల్లలు చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఫిబ్రవరిలో రోజీని ఆఫీసుకు పిలిచాడు.

"టీచరమ్మా, తల్లిదండ్రులు అడుగుతున్నరు. ఏళ్ళ మీద లెక్కవెట్టేటందుకా గింత పెద్ద బడికి పంపింది అని. బంద్ జెయ్. లేకుంటె నీ కాగితం మీద స్టాంపు వడది."

"పాఠం అయితే అయితది సార్. స్టాంపు మీ ఇష్టం."

నేను వాణ్ణి ఇంట్లో పట్టుకుని అడిగాను. "నువ్వు జోక్యం జేసుకోకు పెద్దమ్మా, గిది ఎడ్యుకేషన్" అన్నాడు. అట్లాగే అనుకో నాయినా అనుకున్నాను. కానీ పాఠం రోజు అశ్రిత అవ్వ గంగమ్మతోపాటు నేనూ పోయి వెనక బెంచీలో కూర్చున్నాను.

యూనివర్సిటీ నుంచి తృప్తి మేడం వచ్చింది. జనార్ధన్ తలుపు దగ్గర నిలబడ్డాడు. పిల్లలు నియమం ప్రకారం చేతులు కట్టుకుని ఉన్నారు. రోజీ నల్లబల్ల వైపు తిరగకుండానే అంది:

"చేతులు ఇప్పుండ్రి."

"టీచరమ్మా!" అన్నాడు వాడు తలుపు దగ్గర్నుంచే.

"గంట అయ్యేదాంక గీ తరగతి నాది సార్. మీకేమన్న అనుమానముంటె పిల్లల్నే అడగండి."

వాడికి పంతం వచ్చింది. సూటిగా అశ్రితనే లేపాడు. ఎనిమిది నాలుగులు అడిగితే పిల్ల బొటనవేలు కొనతో సహా చకచకా నడిచింది. "ముప్పై రెండు!" వాడు మీసం దువ్వుకున్నాడు. రెండు చేతుల్లో లెక్కకొచ్చేవి ఎనిమిదే వేళ్ళు, బొటనవేళ్ళు లెక్కపెట్టేవి కదా. ఆ సంగతి వాడికీ తెలుసు. వాడికి చిన్నప్పుడు నేర్పింది నేనే.

"తొమ్మిది నాలుగులు?"

పిల్ల తన చేతులు చూసుకుంది. ఎనిమిది వేళ్ళూ అయిపోయాయి. రోజీ సైగైనా చేయకుండా పెదవి కొరుక్కుంటూ నిలబడింది. ఏడాది కష్టం ఆ పిల్ల అరచేతుల్లో ఉంది.

అశ్రిత పక్కనున్న పిల్ల చేయి లాక్కుంది. చూపుడు వేలు పట్టుకుని మూడు గీతలు, కొన. "ముప్పై మూడు, ముప్పై నాలుగు, ముప్పై అయిదు, ముప్పై ఆరు!"

పక్కపిల్లకు చక్కిలిగింత పుట్టి కిసుక్కుమంది. తరగతి మొత్తం నవ్వింది. తృప్తి మేడం గబగబా ఏదో రాసుకుంది.

జనార్ధన్ నవ్వలేదు. స్టాంపూ వేయలేదు. "రూలు రూలే" అన్నాడు. రోజీ బతిమాలుతుందనుకున్నాను. ఆమె పుస్తకాలు సంచిలో సర్దుకుంటూ, "సరే సార్. మీరు ఎందుకు ఎయ్యలేదో గదే రాస్త" అంది.

"రాయి రోజీ. నేను కండ్లార చూసిన. కింద నా సంతకం పెడ్త. ఆపిన సంగతి గూడ పరిశోధనే" అంది తృప్తి మేడం, వాడికి వినబడేటట్టు.

గ్రంథంలో ఆ పేజీ నేను చదివించుకున్నాను. స్టాంపు ఉండాల్సిన చోట ఒక్క వాక్యం: "పిల్లలు వేళ్ళు వాడినందువల్ల బడి ఈ పత్రం ఇవ్వలేదు." కింద మేడం సంతకం. యూనివర్సిటీ వాళ్ళు ఒప్పుకున్నారు. మే నెలలో పట్టా వచ్చింది.

"జూన్‌ల నౌకరి ఉంటదా మరి?" అని అడిగాను, నా నోరు ఆగదు కదా.

"జనార్ధన్ సార్ ఇంక ఏం జెప్పలే. తీసేస్తె ఇంకో బడి. పిల్లలు యాడికి వోయినా చేతులు ఎంటవెట్టుకొనే వస్తరు గద పెద్దమ్మా."

బడి తెరిచిన రోజు ఆ దారిన పోతూ కిటికీ దగ్గర కాసేపు ఆగాను. గోడ మీద అట్ట అలాగే ఉంది. దాని కిందే నిలబడి రోజీ కొత్త మూడో తరగతికి చెబుతోంది:

"మొదలు చేతులు ఇప్పుండ్రి."