గ్రౌండుకు పోయిన బతుకమ్మ

సూర్యాపేటలో మా గల్లీకి చెప్పుకోదగ్గ ఘనతేమీ లేదు. ఒక చివర పిండిగిర్ని, ఇంకో చివర మురికి కాలువ, మధ్యలో మేము. కానీ బతుకమ్మ రోజుల్లో సాయంత్రమయ్యేసరికి ఎవరింట్లోంచి వాళ్లు బతుకమ్మలు తెచ్చి గల్లీ నడుమ పెట్టేవారు. వాటి పక్కన మా అక్క మూడు చక్రాల సైకిల్ ఆగేది. చిన్నప్పుడు పోలియో వచ్చి అక్కకు రెండు కాళ్లూ పడిపోయాయి. గొంతు మాత్రం ఖంగుమనేది. ఆమె ఉండగా ఇంకొకరు పాట ఎత్తుకునే సాహసం చేసేవారు కాదు. అక్క పాడితే చుట్టూ తిరిగే ఆడవాళ్లు అందుకునేవారు, అక్క చప్పట్లు ఆగితే వాళ్ల అడుగులు ఆగేవి. ఏడాది పొడుగునా అందరి చేతా "పాపం" అనిపించుకునే మనిషి, ఆ కొద్ది రోజులూ మా గల్లీని తన చప్పట్లతో నడిపించేది. మిగతా ఏడాదంతా ఆమె ఎదురుచూసేది ఆ రోజుల కోసమే.

తెలంగాణ ఉద్యమం వేడి మీదున్న కాలం. బతుకమ్మ ఉన్నట్టుండి చాలా పెద్దదైపోయింది. మా కాలనీలో ఒక కమిటీ పుట్టింది. కమిటీ అంటే మరేం లేదు, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాల మగవాళ్లు కొందరు. వాళ్లలో ఒక్కరూ జన్మలో బతుకమ్మ పేర్చిన పాపాన పోలేదు. గునుగు పువ్వేదో తంగేడు పువ్వేదో చెప్పమంటే ఇంటికి ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే. అయినా ఆడవాళ్ల పండుగను ఆడవాళ్లకే వదిలేస్తే ఎలా? గల్లీ గల్లీకి విడివిడిగా ఆడటం ఐకమత్యానికి చేటనీ, చివరిదైన సద్దుల బతుకమ్మ రోజున అందరూ గ్రౌండులోనే ఆడాలనీ తీర్మానించారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. మేము ఆడేవాళ్లం మాత్రమే కదా!

ఏర్పాట్లు ఘనంగానే చేశారు. కోదాడ నుంచి డీజే, దాంతోపాటు ఒక యాంకరమ్మ. మిర్యాలగూడ నుంచి లారీలో మనిషి కంటే ఎత్తున్న థర్మాకోల్ బతుకమ్మ, దాని నిండా ప్లాస్టిక్ పూలు. పూలనే దేవతగా కొలిచే పండుగకు ఒక్క పువ్వూ లేని బతుకమ్మను తెప్పించడం అందరికీ చేతనయ్యే పని కాదు. జనరేటర్‌ను గ్రౌండు పక్కింటి కిటికీ కింద పెట్టారు. ఇంట్లో బాలింత ఉందని ఆ ఇంటి అత్తగారు మొత్తుకుంటే, "ఒక్క దినమే గదమ్మా, జర సర్దుకోరాదు" అన్నారు. పురుడు వెళ్లని పసిగుడ్డుకు కూడా సంస్కృతి మీద అభిమానం ఉండాలి మరి.

గుంతలు కనబడకుండా గ్రౌండంతా ఇసుక పోయించారు. కమిటీ పెద్దను వెతికి పట్టుకున్నాను.

"అన్నా, మా అక్క సైకిల్ ఇసుకల దిగబడ్తది. గేటు కాడి నుంచి బతుకమ్మలు పెట్టే జాగ దాక నాలుగు చెక్కలు పరిపియ్యరాదు?"

"చెక్కలెందుకమ్మా? అక్కను స్టేజి మీదనే కూసోపెడ్తం. ముఖ్య అతిథితోని సన్మానం గూడ చేపిస్తం."

"సన్మానం వద్దన్నా. అక్క అందరి నడుమ కూసొని పాడాలె."

"నువ్వూకో. నీకు తెల్వది. అక్క లెవలే వేరు."

నాలుగు చెక్కలు అడిగితే శాలువా ఇస్తామనే దాతలను నేను మరెక్కడా చూడలేదు. ఒళ్లు మండింది. ఇంటికొచ్చి చెబితే అక్క మాత్రం, "పోనీ తియ్. మైకుల పాడితే ఇంక మంచిగ ఇనవడ్తది" అంది.

సద్దుల రోజు పొద్దున్నుంచీ అక్క కూర్చుని గునుగుకు రంగులద్ది, తంగేడు వరసలు పెట్టి తన బతుకమ్మను తనే పేర్చుకుంది. గ్రౌండు గేటు దగ్గర నలుగురు తెల్లచొక్కాలు ఆమెను సైకిల్ మీంచి ఎత్తి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా మోసుకుంటూ స్టేజి మెట్లెక్కించారు. సైకిల్ ఫోటోలకు అడ్డమని జనరేటర్ వెనక్కి నెట్టారు. నేను ఆమె బతుకమ్మను తీసుకెళ్లి మిగతావాటితో పెట్టాను. అప్పుడు చూశాను గ్రౌండును. సోఫాలకు జాగా ఉంది, కార్పెట్‌కు ఉంది, డీజే డబ్బాలకు ఉంది, ఆ థర్మాకోల్ గుట్టకు ఉంది. ఆడటానికి తప్ప అన్నిటికీ జాగా చూశారు.

ముఖ్య అతిథి వచ్చేసరికి బతుకమ్మల మీది పూలు వాడి తలలు వేలాడేశాయి. అక్కకు శాలువా కప్పారు. "అందరూ గట్టిగా చప్పట్లు కొట్టాలండీ! ఈ అక్కగారి ఆత్మవిశ్వాసం చూసి మనమంతా నేర్చుకోవాలండీ!" అంది యాంకరమ్మ. అక్క పాట ఎత్తుకోవడానికి మైకు వైపు వంగింది. యాంకరమ్మ మైకు పక్కకు తీసుకుని, "థాంక్యూ అక్కా, కూర్చోండి" అంది. ఆమె కూర్చునే ఉంది.

తర్వాత డీజే మొదలైంది. ఆ వేగానికి పెద్దవాళ్ల అడుగు పడలేదు, ఆ మోతలో ఎవరి పాట వాళ్లకే వినబడలేదు. చాలామంది చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డారు. పైన అక్క కాసేపు తన లెక్కన తాను చప్పట్లు కొట్టింది. కింద ఒక్క చెవికీ చేరలేదు. మెల్లగా ఆ చేతులు ఒళ్లో పడ్డాయి.

పరుగెత్తుకెళ్లాను. "నన్ను దించు. నా బతుకమ్మ కాడికి వోవాలె" అంది. ఎక్కించిన నలుగురూ అతిథితో పాటు భోజనాలకు వెళ్లారు. మా గల్లీ ఆడవాళ్లు ఇద్దరు దొరికితే, ముగ్గురం ఆయాసపడుతూ దించేసరికి అందరూ చెరువుకు బయలుదేరారు. అక్క పేర్చింది కూడా ఎవరో ఎత్తుకెళ్లి నీళ్లలో వదిలేశారు. ఆమె దాని చుట్టూ ఒక్క పాటా పాడలేదు. ఇల్లు చేరేదాకా నేను ఏడుస్తూనే సైకిల్ తోశాను. థర్మాకోల్ బతుకమ్మ మాత్రం ఎంత ముంచినా మునగక, దీపావళి దాటేదాకా చెరువులో బర్రెలను బెదిరిస్తూ తేలింది.

మరుసటి ఏడు సిగ్గు విడిచి మళ్లీ చెక్కలు అడిగాను. కమిటీ పెద్ద నొచ్చుకున్నాడు. "పోయినేడు అక్కకు సన్మానం అయిపాయె గదమ్మా! ఈసారి ఏరేటోళ్లకు ఛాన్స్ ఇయ్యాలె."

సద్దుల రోజు అక్క బతుకమ్మ పేర్చి, సైకిల్ గల్లీ నడుమకు తోలుకుని, బతుకమ్మను తన ముందు పీట మీద పెట్టించుకుంది. పట్టుచీరలు కట్టుకుని గ్రౌండుకు వెళ్లే ఆడవాళ్లు మా ముందు నుంచే పోతున్నారు. ఎవరూ ఆగకపోతే ఈమె మొహం ఎలా చూడాలా అని నేను పోయేవాళ్లనే చూస్తున్నాను. అక్క గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది.

మొదట ఆగింది పిండిగిర్ని ముసలమ్మ. "ఆ డబ్బాల మోతకు నా పాణం పోతది బిడ్డా. నేను గీడనే ఆడ్త" అని తన బతుకమ్మను అక్క బతుకమ్మ పక్కన దించింది. ఆమె కోడలు ఆగింది. కోడలి కోసం పక్కింటామె, తర్వాత వెనక గల్లీ వాళ్లు. కాసేపటికి పిండిగిర్ని నుంచి కాలువ దాకా ఆడవాళ్లే. గ్రౌండులో డీజే సోఫాలకు పాటలు వినిపిస్తోంది.

చీకటి పడకముందే కమిటీ పెద్ద బండి మీద వచ్చాడు. తెల్ల చొక్కా చెమటకు తడిసిపోయింది.

"అక్కా, అతిథి వచ్చే టైమాయె. గ్రౌండు బోసిపోయింది. జర అందరినీ తోల్కొని రారాదు? నిన్ను మళ్ల స్టేజి ఎక్కిస్తం."

అక్క చప్పట్లు ఆపలేదు. ఎత్తుకున్న చరణం పూర్తిచేసింది, ఆడవాళ్లు అందుకున్నారు. అప్పుడు అతని వైపు తిరిగింది.

"నీ అతిథినే గీడికి తోల్కరా తమ్మీ. మా గల్లీకి మెట్లు లెవ్వు."