మూడు విగ్గుల తలంటు

"అమ్మమ్మా! దీనికి ఆయిల్ పెట్టావా?"

"పెట్టాను."

"ఎంత?"

"జుట్టు అడిగినంత. సగం డబ్బా తాగింది. పాపం, ఎన్నేళ్లయిందో నూనె మొహం చూసి!"

"ఇది జుట్టు కాదు, విగ్!"

"విగ్గయితే ఏం? జుట్టుతో చేసిందేగా. ఇనప తీగలతో చేశారా?"

"జడలు వేశావ్! మూడింటికీ జడలు వేశావ్! రిబ్బన్స్ కూడా!"

"నీ చిన్నప్పటి రిబ్బన్లేలే. కొత్తవి కొనలేదు, కంగారు పడకు."

నా మనవరాలు నిత్య లాండ్రీ గదిలో నేలమీద కూలబడింది. దాని తలకి పైన, బట్టలారేసే తీగకి మూడు విగ్గులు వేలాడుతున్నాయి. నున్నగా దువ్వి, పాపిడి తీసి, బిగించి అల్లిన జడలతో, బడికి బయల్దేరిన ముగ్గురు ఆడపిల్లల్లా ఉన్నాయి. కాళ్లూ చేతులూ మొహాలూ లేవు, అంతే తేడా.

ఇది ఆరేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు అరవై ఎనిమిది. అంటే ఇంకా వయసులో ఉన్నదాన్నే, తెలివి పూర్తిగా రాలేదు. ఆ రోజు నేను తెచ్చిపెట్టిన ఉపద్రవం ముందు పెళ్లిపందిరి కూలడం చాలా చిన్న విషయం. నవ్వుకునేవాళ్లు ఇప్పుడే మంచినీళ్లు తాగి కూర్చోండి, తరవాత పొలమారితే నా పూచీ లేదు.

ముందు ఆ విగ్గుల సంగతి చెప్పాలి.

మేముండేది డెట్రాయిట్ పక్కన. మా అమ్మాయి సుజాత ఇంటికి కుడిపక్కన ఎర్లీన్ గారిల్లు. నల్లజాతి ఆవిడ, నా ఈడుదే. నేను ఆవిడకి గోంగూర మొక్కలిస్తే ఆవిడ నాకు వెడల్పాటి ఆకుకూరేదో ఇచ్చింది. నిత్య పిలుపు విని నా పేరే అమ్మమ్మ అనుకుని, ఆవిడా నన్ను "అమ్మమ్మా" అనే పిలుస్తుంది. నా ఇంగ్లీషు నాలుగో తరగతితో ఆగిపోయింది. ఆవిడ తెలుగు నా పిలుపుతో ఆగిపోయింది. అయినా కంచెకి అటూ ఇటూ నిలబడి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లం. ఏం మాట్లాడుకున్నామో మా ఇద్దరికీ తెలీదు గానీ, ఒక్కరోజూ పోట్లాట రాలేదు. భాష వచ్చినవాళ్ల కాపురాలు చూడండి, ఎలా ఉంటాయో.

మేమిద్దరం పడుచువాళ్లుగా ఉన్న రోజుల్లో, ఇదే డెట్రాయిట్‌లో, గవర్నమెంటు కట్టించిన ఇరుకిళ్లలోంచి ముగ్గురు అమ్మాయిలు పాడుకుంటూ బయటికొచ్చారు. వాళ్ల పేరు ఇక్కడ రాయను. పలికితే నిత్య నవ్వుతుంది, రాస్తే అక్షరం తప్పుతుంది. ఆ ముగ్గురు అంటాను. తళతళలాడే గౌన్లు, మోచేతుల దాకా తొడుగులు, నెత్తిన గోపురంలా లేచిన జుట్టు. ఆ రంగువాళ్లని ముందు తలుపులోంచి రానివ్వని హోటళ్లున్న కాలం అది. అలాంటి కాలంలో దేశం దేశమంతా టీవీల ముందు కూర్చుని, ఆ ముగ్గురూ ఒక్కసారిగా చెయ్యెత్తితే నోరు తెరుచుకుని చూసిందట. ఈనాటికీ ముగ్గురు ఆడపిల్లలు కలిసి స్టేజి ఎక్కి ఒకే ఊపులో చెయ్యి తిప్పారంటే, ఆ చెయ్యి ఎవరిదో తెలుసుకోండి అంటుంది ఎర్లీన్ గారు.

ఆవిడ ఆ వీధుల్లోనే పెరిగింది. డాట్, రూబీ అని ఇద్దరు నేస్తాలతో కలిసి, అచ్చం ఆ ముగ్గురిలా తయారై, పెళ్లిళ్లలోనూ చర్చి హాళ్లలోనూ పాడేది. ముగ్గురూ కూడబలుక్కుని మూడు విగ్గులు కొనుక్కున్నారు, నిజం జుట్టువి. తరవాత ఎవరి ఉద్యోగం వాళ్లది, ఎవరి పిల్లలు వాళ్లకి. డాట్ పోయింది, రూబీ పోయింది. మూడు విగ్గులూ ఎర్లీన్ గారి అలమారలోకి చేరాయి.

ఆ ఏడు మా ఊరి లైబ్రరీ హాల్లో ఆ ముగ్గురి పాటల సాయంత్రం పెట్టారు. నిత్య, దాని స్నేహితురాలు హర్షిత, ఎర్లీన్ గారి మనవరాలు కేలా కలిసి పాడతామన్నారు. ఆవిడ తన గరాజ్‌లో వాళ్లకి పాటా నేర్పింది, నడకా నేర్పింది. చివరికి మూడు అట్టపెట్టెలు తెచ్చి మా నిత్య చేతిలో పెట్టింది.

"మూడూ మూడు తలల మీద పక్కపక్కన చూడాలి, అమ్మమ్మా," అంది నాతో. "ఒక్కసారి. అంతే." ఈ మాట నిత్య తెలుగులో చెప్పింది గానీ, చెప్పక్కర్లేదు. నాకు అర్థమైంది.

అర్థమై కూడా నేను చేసిన ఘనకార్యం వినండి.

శనివారం పొద్దున అందరూ నిద్రలో ఉండగా పెట్టెలు తెరిచాను. లోపల మూడు సవరాలు! బూజు వాసన, గంపంత చిక్కు, ముట్టుకుంటే అట్టలా గట్టిగా ఉన్నాయి. ఆ గట్టిదనం అలా నిలబెట్టడానికి కొట్టిన స్ప్రే అని నాకేం తెలుసు? మురికి అనుకున్నాను. ఆ ఎత్తు ఎర్లీన్ గారు రెండ్రోజులు కూర్చుని దువ్వి లేపిన ఎత్తని తెలుసా? రేగిన జుట్టనుకున్నాను. మా ఇంట్లో ఆడపిల్ల జుట్టు విరబోసుకుని దీపాలవేళ గడప దాటితే నేను ఊరుకోను. సవరాలని మాత్రం అలా ఎలా వదిలేస్తాను?

కుంకుడుకాయలు కొట్టి నానేశాను. మూడింటికీ తలంటు పోశాను. తల లేకపోయినా తలంటు పోసింది ప్రపంచంలో నేనొక్కదాన్నే అయుంటాను. ఫ్యాను కింద ఆరబెట్టి, సన్నపళ్ల దువ్వెనతో చిక్కు తీసి, కొబ్బరినూనె దట్టించి జడలు అల్లాను. నిగనిగలాడిపోయాయి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అమ్మమ్మని కదా, అడక్కుండానే పెట్టాను. నూనె.

మధ్యాహ్నానికి హర్షిత, కేలా వచ్చారు. తీగమీది జడల్ని చూసి హర్షిత గోడకి ఆనుకుంది. కేలా మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంగ్లీషులో ఏదో అంది.

"ఏమంటోందే?"

"వాళ్ల గ్రాండ్‌మా ఇది చూస్తే ఏడుస్తుంది అంటోంది," అంది నిత్య. దాని కళ్లల్లో అప్పటికే నీళ్లు. "డాట్ ఆంటీ, రూబీ ఆంటీ చనిపోయారు కదా అమ్మమ్మా. వాళ్ల థింగ్స్ ఇవే మిగిలాయి. షో ఇవాళ ఫైవ్‌కి!"

తిట్టినా బాగుండేది. అది తిట్టలేదు. తీగమీంచి మూడింటినీ దించి జడలు విప్పడం మొదలుపెట్టాను.

ఇంతలో సుజాత దిగివచ్చింది. సంగతి విని, "పోనీ కొత్తవి కొనేద్దాం, కార్ తీస్తాను," అంది.

"కొత్తవి డాట్‌వి అవుతాయా? రూబీవి అవుతాయా?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు అందరికంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను. కొనడం నాకు ఎప్పుడూ ఇష్టం లేదు గానీ, ఈసారి కారణం డబ్బు కాదు. "లేవండి. పాడుచేసిన చేత్తోనే బాగు చేస్తాను."

"నీకు బూఫాంట్ చేయడం వచ్చా?" అంది హర్షిత.

"దాని పేరేదైనా కానీ, నెత్తిన ఎత్తు కొప్పేగా? ఏమే, మీరు నన్నేమనుకుంటున్నారు? మీ ఎర్లీన్ గారు ఇక్కడ గోపురం కట్టుకున్న రోజుల్లోనే మేం బాపట్ల దగ్గర కట్టుకున్నాం. సినిమాతారల్ని చూసి, కొప్పు లోపల పాత గుడ్డలు కుక్కి, మా అత్తగారికంటే జానెడు ఎత్తు కనబడేవాళ్లం. అందుకే ఆవిడకి నేనంటే పడేది కాదు."

ముందు నూనె వదలాలి. గిన్నెలు తోమే సబ్బు బాటిల్ సగం ఖాళీ చేశాను. ఒక బాటిల్లో నీళ్లు కలిపి మూడు బాటిళ్లు చేసేదాన్ని నేను! సుజాత చూసి, "అమ్మా, నీకు ఒంట్లో బాగుందా?" అని నుదుటిమీద చెయ్యి పెట్టింది. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాం. నిజం జుట్టు కాబట్టి బతికాయి. శుభ్రంగా ఉన్నాయి, మెత్తగా ఉన్నాయి, అప్పడాల్లా చదునుగా ఉన్నాయి.

ఇక ఎత్తు. పాత గుడ్డలు పెడితే బరువు. అప్పుడు గుర్తొచ్చింది సింకు కింద నా ఖజానా. కొట్లోంచి సామాన్లు తెచ్చిన ప్లాస్టిక్ కవర్లన్నీ ఒక పెద్ద కవర్లో కుక్కి దాస్తాను. మీరూ దాస్తారు, నాకు తెలుసు, నవ్వకండి. కవర్లు ఉండలు చుట్టి, ఉల్లిపాయల వలసంచి కత్తిరించి అందులో దూర్చి, విగ్గుకింద పెట్టి, పైనుంచి జుట్టు దువ్వి, పిన్నులు గుచ్చాను. జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుందంటారు. కవర్లున్నమ్మ ఇంకా ఎత్తు పెడుతుంది.

పిల్లలు పెట్టుకుని అద్దంలో చూసుకున్నారు. తలూపితే లోపల గరగరమంటోంది.

"అమ్మమ్మా, సౌండ్ వస్తోంది!"

"తల తిప్పకండి. ఆ ముగ్గురూ తల నిటారుగా పెట్టుకునే నడిచేవారని ఎర్లీన్ గారు చెప్పలేదూ? ఇప్పుడు తెలిసిందా ఎందుకో!"

లైబ్రరీ హాలు నిండిపోయింది. ముందు వరసలో ఎర్లీన్ గారు, పక్కన నేను. ఆవిడ ఎప్పటిలాగే ఒత్తయిన నల్లవిగ్గూ దానిమీద టోపీ పెట్టుకుని వచ్చింది. విగ్గు లేకుండా ఆవిడని ఏ రోజూ ఎవరూ చూడలేదు, పెరట్లో కూడా. ఒళ్లో రుమాలు మడత పెట్టుకుని కూర్చుంది. నేను నాకు తెలిసిన దేవుళ్లందరికీ వరసగా మొక్కి, చివర ఆవిడ దేవుడికీ ఒక కొబ్బరికాయ మొక్కుకున్నాను.

దీపాలు వెలిగాయి. ముగ్గురు పిల్లలూ తళుకుల గౌన్లలో వచ్చి నిలబడ్డారు. ఎర్లీన్ గారి ఊపిరి ఆగడం నాకు వినబడింది. పాట ఎత్తుకున్నారు. మూడు చేతులు ఒక్కసారి లేచాయి, ఒక్కసారి తిరిగాయి. నా గుండె ఉప్పొంగింది. సరిగ్గా అప్పుడే, మధ్యలో ఉన్న మా నిత్య గోపురం పక్కనుంచి ఒక కవరు పట్టుకునే చెవి మెల్లగా బయటికి వచ్చింది. తెల్లటి చెవి, మీద కొట్టువాడి ఎర్ర అక్షరాలు. నిత్య ఊగినప్పుడల్లా అదీ ఊగుతోంది, కోటమీద జెండాలా.

నేను చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను.

నిత్యకి చెంపమీద కవరు తగిలింది. ఒక్క క్షణం దాని కళ్లు నన్ను వెతికాయి. ఆ తరవాత ఆ పిల్ల ఏం చేసిందో వినండి! పాట ఆపలేదు. తాళం తప్పలేదు. చెయ్యి విలాసంగా పైకెత్తి, గోపురం పక్కన అరచేత్తో తట్టి, నడుం తిప్పింది. కవరు లోపలికి పోయింది. అటూ ఇటూ ఉన్న కేలా, హర్షిత రెప్పపాటులో అందుకుని, మరుసటి దరువుకి తామూ చెయ్యెత్తి తట్టి తిప్పారు. మూడో దరువుకి ముగ్గురూ కలిసి తట్టారు. హాల్లో జనం అది డాన్సే అనుకుని ఈలలు వేశారు. నాలుగోసారికి వెనక వరసలవాళ్లు లేచి నిలబడి వాళ్ల నెత్తులు వాళ్లే తట్టుకుంటున్నారు. బట్టతల ఉన్నాయన కూడా!

ఎర్లీన్ గారు నావైపు వంగింది. "అమ్మమ్మా. వాట్ ఈజ్ దట్ ఇన్ దట్ చైల్డ్స్ హెయిర్?"

అబద్ధం ఆడటానికి నాకు అంత ఇంగ్లీషు రాదు.

"కవర్," అన్నాను. "మై కవర్. మై మిస్టేక్. సోప్, ఆయిల్, ఆల్ మి." అని తలంటు పోసినట్టు చేత్తో చూపించాను, జడ అల్లినట్టూ చూపించాను.

ఆవిడ నన్ను చూసింది. స్టేజీని చూసింది. మొహం రుమాల్లో దాచుకుంది. భుజాలు అదిరిపోతున్నాయి. అయిపోయింది, ఏడిపించేశాను అనుకున్నాను. రుమాలు తీస్తే, నవ్వు! కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వు. నా చెయ్యి పట్టుకుని పాట అయ్యేదాకా వదల్లేదు.

తరవాత పిల్లలు పరుగెత్తుకొచ్చారు. ఎర్లీన్ గారు మూడు తలలనీ పక్కపక్కన నిలబెట్టి, ఒక్కొక్కదాన్నీ అరచేత్తో నిమిరింది. పేర్లు చెప్పుకుంటూ నిమిరింది. పిల్లల పేర్లు కాదు. ఆ తరవాత చాలాసేపు మాట్లాడింది, నిత్య నాకు చెప్పింది:

"ఈ విగ్స్ కొనకముందు, రూబీ ఆంటీ తన జుట్టులో వాళ్ల మదర్ పాత స్టాకింగ్స్ పెట్టుకునేదట అమ్మమ్మా. ఒకసారి పెళ్లిలో పాడుతుంటే స్టాకింగ్ ఊడి వేలాడిందట. ఇవాళ నా తలలో కవర్ చూడగానే, అరే, రూబీ వచ్చేసింది అనుకుందట."

నేను కొంగుతో మొహం తుడుచుకుని, "సరే, కవర్లు జాగ్రత్తగా తీసి నాకివ్వండి, మళ్లీ పనికొస్తాయి," అన్నాను.

ఇప్పుడు నిత్య కాలేజీలో ఉంది. అక్కడ ముగ్గురు పిల్లలతో కలిసి పాడుతుందట, ఆ నెత్తి తట్టే ఊపు అక్కడా పాకిందట. ఇరుకిళ్లలోంచి వచ్చిన ఆ ముగ్గురి చేతుల్లోంచి ఎర్లీన్ గారి చేతుల్లోకి, అక్కడినుంచి మా పిల్లల చేతుల్లోకి వచ్చిన విద్య అది. దాంట్లో ఒక్క తట్టు మాత్రం నా సింకు కిందది. ఎవరేమన్నా ఆ గర్వం నేను వదులుకోను.

ఆ రోజు హాల్లోంచి ఇంటికొస్తూ కార్లోనే ఒట్టు పెట్టుకున్నాను. సూర్యచంద్రుల సాక్షిగా, కుంకుడుకాయ సాక్షిగా, ఇకమీదట తల ఉన్న జుట్టయినా, తల లేని జుట్టయినా, ఆ జుట్టుగలవాళ్లు తమంతట తాము అడిగితే తప్ప నూనె చుక్క పెట్టను.

మర్నాడు పొద్దున తలుపు చప్పుడైంది. తీశాను. ఎర్లీన్ గారు. టోపీ లేదు, విగ్గు లేదు. పత్తికాయ విచ్చినట్టు పొట్టి తెల్లజుట్టు. లోపలికొచ్చి, నా పీట తనే లాక్కుని కూర్చుని, నెత్తి చూపించి, "అమ్మమ్మా, ఆయిల్," అంది.

అడిగింది కదా. నూనె గిన్నె పొయ్యిమీద పెట్టాను.