ఆరో అంతస్తు దాకా

భూలక్ష్మికి లిఫ్టంటే ప్రాణం పోయేంత భయం. పాలమూరు నుంచి కూలికి వచ్చిన కొత్తలో, హైటెక్ సిటీలోని ఈ అద్దాల మేడలకే ఇసుక మోసిన మనిషి. ఒకరోజు ఆమె ఎక్కిన సామాను లిఫ్టు తొమ్మిదో అంతస్తు దగ్గర ఆగిపోయి, మధ్యాహ్నమంతా గాల్లో వేలాడింది. అంతే, ఇరవై ఏళ్లుగా మళ్లీ ఏ లిఫ్టూ ఎక్కలేదు.

ఇప్పుడామె అలాంటి మేడలోనే, ఆరో అంతస్తులో సాఫ్ట్‌వేర్ వాళ్ల పిల్లల్ని చూసుకునే డేకేర్‌లో ఆయమ్మ. సాయంత్రం పిల్లల్ని కింద లాన్‌లో ఆడించి పైకి తీసుకెళ్లాలి. టీచర్ నీహారిక వాళ్లతో లిఫ్టులో వెళ్తే, భూలక్ష్మి మెట్లెక్కి ఆయాసపడుతూ చేరుతుంది. మోకాళ్లు వాచిపోయాయి. మెట్లెక్కడం మానాల్సిందేనని దవాఖానాలో తేల్చేశారు. మెట్లు మానడమంటే కొలువు మానడమే. ఆ మాట చెప్పడానికి నోరు రాక రోజులు నెట్టుకొస్తోంది.

పిల్లల ఆటంతా ఒకటే, మెడకు చున్నీ కట్టుకుని లోకాన్ని కాపాడటం. కాపాడటానికి ఎవరో ఒకరు ఆపదలో ఉండాలి కదా, ఆ ఉద్యోగం కూడా భూలక్ష్మిదే. రోజుకు పదిసార్లు వరదలో కొట్టుకుపోయేది. చున్నీ కట్టగానే వీళ్లకు భయమన్నదే ఉండదు, అదృష్టవంతులు అనుకుని నవ్వుకునేది.

ఆ బుధవారం మూడో మెట్టు మీదే మోకాలు మొరాయించింది. అక్కడే కూలబడి, ఇక తనవల్ల కాదని నీహారికకు చెప్పేసింది, లిఫ్టు సంగతితో సహా. పిల్లల్లోంచి నాలుగేళ్ల రసజ్ఞ చున్నీ ముడి సర్దుకుని వచ్చి చేయి చాపింది.

"నీకేంది బిడ్డా, అది కట్టుకుంటే నీకు భయమే ఉండది. నాకట్ల గాదు," అంది భూలక్ష్మి.

"నాకు రోజూ లిఫ్టులో భయం వేస్తుంది ఆయమ్మా," అంది రసజ్ఞ. "భయం వేసినప్పుడే కట్టుకోవాలి. రా."

భూలక్ష్మి ఆ చేయి పట్టుకుంది. ఎవరూ నేర్పని సంగతి, గడ్డిలో పొర్లి ఆడుతూ ఈ పసిది ఎప్పుడు నేర్చుకుంది? తనకంటే ఎంతో పెద్ద మనిషి ముందు ఉన్నట్టు అనిపించి, లేచి వెంట నడిచింది. అందరూ లిఫ్టులో సర్దుకున్నారు. తలుపులు మూసుకున్నాయి. గుప్పెట్లోని చిన్న చేయి చల్లగా, చెమటతో వణుకుతోంది. అయినా ఆ పిల్ల అంతస్తు అంతస్తుకీ "అయిపోతుంది, అయిపోతుంది" అని ధైర్యం చెబుతూనే ఉంది.

ఆరులో తలుపులు తెరుచుకున్నాయి. రసజ్ఞ ముందు ఆయమ్మను బయటికి పంపింది. ఆమె రెండు కాళ్లూ నేల మీద పడ్డాయని చూసుకుంది. అప్పుడు ఏడ్చింది.