ఆదెన్న గీసిన తంగేడు అంచు

ఎనిమిది మంది నేతగాళ్ల ముందు హరినాథ్ ఆదెన్నను దొంగ అన్నాడు.

"ముప్పై ఏండ్లు నా అంగట్లో గీసి, తంగేడు అంచును ఎదురంగడికి ఇచ్చినావు కదయ్యా. ఆడ మగ్గమెక్కింది, తెలుసునా?"

ఆదెన్న చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ అంచు బయటికి ఎలా పోయిందో నాకు తెలుసు. కంప్యూటరు ముందు తల వంచుకుని కూర్చున్నాను.

ధర్మవరంలో పట్టుచీర అంచు ముందు గళ్ల కాగితం మీద పుడుతుంది. ఆ గళ్లను చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. అట్టలు చెప్పినట్టు మగ్గం దారాలు లేపుతుంది. నాలుగో తరగతితో బడి మానేసిన ఆదెన్న ఆ గళ్లలో మామిడి పిందెలు, హంసలు, చివరికి మా బీళ్లలో పూసే తంగేడును కూడా పట్టేవాడు. ఆయనకొక పట్టింపు ఉండేది. కొత్త అంచుతో మొదటి చీర మగ్గం దిగేవరకు ఆ కాగితం పరాయివాళ్లకు చూపడు. ఎవరైనా అడిగితే, "కడుపులో బిడ్డను చూపమంటావేమప్పా" అనేవాడు.

కాగితాలకు చెద పడుతోందని హరినాథ్ వాటిని స్కాన్ చేసే పని నాకిచ్చాడు. డిగ్రీ మధ్యలో మానేసి, పాత పుస్తకాలు కొనుక్కుని కంప్యూటరు నేర్చుకున్నవాణ్ణి. నా తెలివి ఈ ఊళ్లో ఎవరికీ అక్కర్లేదని మండిపోతూ ఉండేవాణ్ణి. ఎవరూ అడక్కుండానే ఆ కంప్యూటరులో ఒక చిన్న వెబ్ సర్వర్ పెట్టాను. అంగడి వైఫైలో ఉన్నవాళ్లు గోడకు అంటించిన చిరునామా ఫోనులో కొడితే పాత డిజైన్లు కనబడతాయి.

ఆదెన్న వెనక నిలబడి చూశాడు. "ఏం చేస్తాదిది, అల్లుడా?"

"ఫోను ఒక ఫైలు పేరు చెప్పి అడుగుతాది మామా. ఇది నేను చూపించిన ఫోల్డరులో ఎతుకుతాది. ఉంటే తెరిచి, ఇది బొమ్మ, ఇది రాత అని చెప్పి పంపుతాది. లేకుంటే లేదంటాది."

"పేరు తెలియనోడు అడిగితే?"

"ఫోల్డరునే అడిగితే లోపలుండే పేర్లన్నీ వరసగా చూపిస్తాది."

"అడిగేది ఎవురని చూడదా?"

"చూడదు."

"మా మేనత్త ఇట్లే ఉండె. ఎవురొచ్చినా పెట్టె తాళం తీసేది. ఆమె పోయినాక పెట్టె కూడా మిగల్లేదు."

నేను నవ్వాను. చదువులేని మనిషి భయం అనుకున్నాను.

చూపాల్సినవి 'పాతవి' అనే ఫోల్డరులో పెట్టాను. సర్వర్‌ను దాంట్లోనే నడిపి ఉండాల్సింది. దానికి పైన, ఇంకా మగ్గమెక్కని తంగేడు అంచుతో సహా ఆదెన్న గీసినవన్నీ ఉన్న ఫోల్డరులో నడిపాను. రేపు ఇంకో ఫోల్డరు చూపించాల్సి వస్తే మళ్లీ మార్చే పని ఉండదని. గోడ మీది చిరునామాను ఫోనులో కొట్టి, చివరనున్న 'పాతవి' అనే మాట చెరిపేస్తే చాలు, పై ఫోల్డరు మొత్తం తెరుచుకుంటుంది. చీరలు చూసే నెపంతో వచ్చిన ఎదురంగడి దళారి అదే చేశాడు. వైఫై పాస్‌వర్డు అతనికి చెప్పింది నేనే.

ఆ రోజు ఏ ఫోను ఎన్ని గంటలకు ఏ ఫైలు అడిగిందో సర్వర్ ఒక్కో వరుసగా తెర మీద రాసి పెట్టింది. హరినాథ్ కేకలు వేసినప్పుడు, తెర మీద అప్పటినుంచి తెరిచే ఉన్న ఆ సర్వర్ కిటికీని పైకి జరిపి చూశాను. తంగేడు అంచు పేరు అక్కడుంది. ఆ వరుస చూపిస్తే ఆదెన్న పరువు నిలిచేది, నా ఉద్యోగం పోయేది. కిటికీ మూసేశాను. ఇంకెక్కడా దాచి పెట్టలేదు కాబట్టి ఆ వరుసలు మళ్లీ దొరకవు.

ఆదెన్న కళ్యాణదుర్గంలో కూతురి దగ్గరికి చేరాడు. దొంగ అన్న పేరు ముందే నడిచింది, ధర్మవరంలో ఏ అంగడీ ఆయనకు గళ్ల కాగితం ఇవ్వలేదు. ఏడాదికి నేను బస్సెక్కి వెళ్లాను. ఎరువుల అంగడి గోడ మీద వేరుశనగ చెట్టు బొమ్మ వేస్తున్నాడు. కింద నిలబడి అంతా చెప్పాను, కిటికీ మూసిన సంగతితో సహా.

ఆయన నిచ్చెన దిగలేదు. ఒక ఆకు పూర్తి చేశాడు.

"హరినాథ్‌తో చెప్పినావా?"

"లేదు మామా."

"ఆ నేతగాళ్లతో?"

"లేదు."

కుంచె డబ్బాలో ముంచుతూ అన్నాడు: "నేను దొంగను కాదని నాకు ముందే తెలుసు కదప్పా. తెలియనోళ్లకు చెప్పుపో."