గొంగళిపురుగులు ఏరిన పొద్దు

ఆ ఏడు వేరుశనగ ఊడలు దిగకముందే ఎండిపోయింది. మా ఆయన అరుగు మీద కూర్చుంటే కూర్చున్నట్టే ఉండేవాడు. సంగటి వద్దనేవాడు, టీ మాత్రం అడిగి అడిగి తాగేవాడు. తెల్లవార్లూ నిద్ర ఉండేది కాదు. చుట్టుపక్కల ఊళ్లలో రైతులు పురుగుమందు తాగారని వింటున్న రోజులవి. భయమేసి అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయాను.

డాక్టరమ్మ మాత్రలు రాసింది. "మెదడులో ఊరాల్సిన రసాయనాలు సరిగా ఊరడం లేదు. మాత్రలతో పాటు పొద్దున్నే ఎండలో నడవాలి, వేళకు తినాలి, వేళకు పడుకోవాలి, నలుగురిలో తిరగాలి" అంది. నాకు అప్పటికి చదువు రాదు. నోటితోనే ఇంకోసారి చెప్పించుకున్నాను. నమ్మకం మాత్రం కుదరలేదు. పుట్టినప్పటి నుంచి ఎండలో మాడుతున్న వాళ్లకు ఎండ మందెట్లా అవుతుంది?

అయినా చెప్పినట్టే చేయించాను. మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడేదాన్ని. టీ తగ్గించాను. పొద్దున్నే లేపి నడవమని పంపి, కాస్త దూరంలో నేనూ పోయేదాన్ని.

"ఏమే, నా ఎనకాల వస్తాండావు?"

"పుల్లలకు."

"పుల్లలు ఆ పక్క ఉండాయి."

కొన్నాళ్లకు తినడం, నిద్రపోవడం మొదలుపెట్టాడు. అరుగు మీద నలుగురితో నవ్వులు కూడా. "మొగుడు నవ్వుతాంటే నీ మొగం అట్ల మాడిపోయిందేంటికమ్మా?" అని పక్కింటి పెద్దమ్మ ఎగతాళి చేసింది. ఏం చెప్పను? పక్క ఊరిలో పురుగుమందు తాగి పోయినాయన ముందురోజు అందరితో నవ్వుతూ మాట్లాడాడట. మా ఆయన నవ్విన ప్రతిసారీ నాకు భయమే.

మరుసటి ఏడు వాన పడింది. పైరు పచ్చగా లేచేసరికి ఎర్ర గొంగళిపురుగు పడింది. ఆయన చేను నుంచి ఉరుకుతూ వచ్చాడు.

"మందు డబ్బా యాడ పెట్టినావు?"

"ల్యాదు. ఎప్పుడో తనకల్లుకు, అక్కోళ్లింటికి పంపించినా."

"మన చేను పురుగు తింటాంటే డబ్బా వాళ్లింట్లో ఏంటికి? పోయి కొత్తది తెస్తా."

"తేవద్దు."

అప్పుడు ఆయనకు అర్థమైంది. "నా మీద నమ్మకం ల్యాదా?"

ఉందని అనొచ్చు. నోరు రాలేదు. "ల్యాదు" అన్నాను.

ఆయన తలవంచుకున్నాడు. ఆ మాటే ఆయన్ను మళ్లీ అరుగు మీద కూలేస్తుందేమోనని భయపడ్డాను.

"మరి పైరెట్ల?" అన్నాడు.

"చేతుల్తో ఏరుదాం. మన పెద్దోళ్లు ఏరల్యా?"

"అంత చేనా? నా మాత్రలు నువ్వు మింగల్ల!"

అంటూనే పార భుజాన వేసుకుని ఊళ్లోకి పోయి నలుగురిని పిలుచుకొచ్చాడు. పురుగు పక్క చేనికి పాకకుండా మగవాళ్లు గట్టు వెంట కాలువ తీశారు. ఆడవాళ్లం చేతులకు గుడ్డలు చుట్టుకుని, సాలు వెంట సాలు వంగి పురుగులను ఏరి బకెట్లలో వేశాం. కాలువ పని అయ్యాక ఆయన నా పక్క సాలులోకి వచ్చాడు. ఎవరో ఏదో అంటే గట్టిగా నవ్వాడు. నేను తలెత్తి చూశాను.

"నన్ను చూస్తాంటే పురుగు చస్తాదా? కింద చూడు" అన్నాడు.

కిందికి చూశాను.